శ్రీకాకుళం, విజయనగరం తీరంలో తెప్పలు, ఫైబర్ బోట్లు తయారయ్యే చోట్లు ఎలా చూడాలి

"పడవలు తయారుచేసే వర్క్‌షాపులు మీ వైపు ఎక్కడున్నాయండీ? లోపలికి రానిస్తారా?" అని నన్ను నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. అడిగేవాళ్లలో ఇంజినీరింగ్ పిల్లలుంటారు, ఫొటోలు తీసేవాళ్లుంటారు, చేపల చెరువుకి చిన్న పడవ కొనాలనుకునే రైతులుంటారు. అందరికీ విడివిడిగా చెప్పి అలిసిపోయి ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బోర్డు పెట్టిన వర్క్‌షాపు కోసం వెతికితే మీకు సగం కూడా కనిపించదు. ఇక్కడ ఒడ్డే వర్క్‌షాపు. కొబ్బరి చెట్టు కింద దుంగలు కట్టిన తెప్ప, తాటాకు పందిట్లో వల, రేకుల షెడ్డులో ఫైబర్ బోటు, సెంటర్లో మెకానిక్ కొట్టులో ఇంజను. ఈ నాలుగూ కలిపితేనే మీరు చూడాలనుకున్నది పూర్తవుతుంది. ఇంకో విషయం: కొత్తది తయారవుతుంటే చూడాలని పట్టుబట్టకండి. మరమ్మతు చూడండి. పడవ ఎక్కడ బలహీనమో, ఎందుకలా కట్టారో విప్పినప్పుడే తెలుస్తుంది.

పెద్ద చెక్క మరబోట్లు కట్టడం చూడాలంటే మాత్రం ఈ రెండు జిల్లాలు సరైన చోటు కాదు. దానికి కాకినాడ దగ్గర తాళ్లరేవు వైపు వెళ్లండి. మనవైపు అలల మీదుగా నేరుగా ఇసుకలోకి వచ్చే చిన్న పడవలదే రాజ్యం.

కావలసినవి

- పొడుగు చేతుల పాత చొక్కా. ఫైబర్ షెడ్డులో గాజు పీచు చర్మం మీద పడితే రెండు రోజులు దురద.
- మూసి ఉండే బూట్లు షెడ్డుకి, చెప్పులు ఒడ్డుకి.
- టోపీ, రెండు లీటర్ల నీళ్లు.
- చిన్న నోటుబుక్కు, మెత్తటి టేపు.
- ఒక రూపాయి బిళ్ల, ఒక చిన్న అయస్కాంతం. ఎందుకో కింద చెప్తాను.
- చిల్లర నోట్లు. టీకొట్టులో 500 తీస్తే మీ పని అయినట్టే.

డ్రోన్ వద్దు. తీరంలో మెరైన్ పోలీసులు తిరుగుతుంటారు. అనుమతి లేకుండా ఎగరేస్తే మీకే కాదు, మిమ్మల్ని రానిచ్చిన ఊరివాళ్లకీ తలనొప్పి.

1. రోజు, వేళ సరిగ్గా ఎంచుకోండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవలకి, మోటారు పడవలకి వేట నిషేధం. చూడ్డానికి ఇంతకంటే మంచి కాలం లేదు. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. అడుగుభాగాలు గీకడం, పగుళ్లకి పట్టీలు వేయడం, రంగులు, వలలు బాగుచేయడం అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఎండ మాత్రం చంపేస్తుంది. ఉదయం 6 నుంచి 10 లోపు చూసేయండి, లేదా సాయంత్రం 4 తర్వాత వెళ్లండి. ఫైబర్ పనివాళ్లు కూడా పొద్దున్నే మొదలుపెడతారు, ఎండ ముదిరితే రెసిన్ (గాజు పీచుని అతికించే జిగురు లాంటి ద్రవం) చేతిలో ఉండగానే గట్టిపడిపోతుంది కాబట్టి.

వేట ఉన్న నెలల్లో అయితే పడవలు వచ్చి చేపల వేలంపాట నడుస్తున్నప్పుడు వెళ్లకండి. అది వాళ్ల కూలి లెక్కతేలే వేళ. పాట అయిపోయి, అన్నాలు తిన్నాక వల ముందేసుకుని కూర్చుంటారు. అప్పుడు వెళ్లండి. కుర్రాళ్లు చాలామంది గుజరాత్‌లోని వేరావల్ వైపు బోట్ల మీద పనికి వలస వెళ్తారు కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అది మీ అదృష్టం. తెప్ప కట్టడం తెలిసింది వాళ్లకే.

అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని బయల్దేరండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఈ ఉద్దానం (పలాస, సోంపేట, కవిటి వైపు కొబ్బరి తోటల ప్రాంతం) దగ్గరే.

2. ఊరు ఎంచుకోండి

ఒక్క రోజులో తీరమంతా చుట్టేద్దామనుకోకండి. పూటకి ఒక ఊరు చాలు.

శ్రీకాకుళం టౌన్ నుంచి సులువైనది కళింగపట్నం, దాని పక్కనే బందరువానిపేట. వంశధార సముద్రంలో కలిసే చోటు కాబట్టి నదిలో తిరిగే పడవలు, సముద్రపు పడవలు రెండూ చూడొచ్చు. టెక్కలి వైపు నుంచి అయితే భావనపాడు. పలాస వైపు మంచినీళ్లపేట, సోంపేట వైపు బారువ. విజయనగరం జిల్లాలో తీరం చాలా చిన్నది. అక్కడ పూసపాటిరేగ మండలం చింతపల్లి, చంపావతి కలిసే కోనాడ, భోగాపురం మండలం ముక్కాం చూడొచ్చు.

తాళ్ల మీద ఆసక్తి ఉంటే బారువతో పాటు కవిటి, కంచిలి వైపు కొబ్బరి పీచు యూనిట్లు కలుపుకోండి. బల్లల్ని తాడుతో కుట్టిన పాతకాలం నావలకి ప్రాణం ఆ పీచే.

3. ముందు మనిషిని పట్టుకోండి, తర్వాత చోటు

నేరుగా ఒడ్డుకి వెళ్లి కెమెరా తీయడం అందరూ చేసే మొదటి తప్పు. రెండోది, దిగగానే టేపు తీయడం. పోర్టు, విమానాశ్రయం, రోడ్డు అంటూ ఎన్నో కొలతలు చూసిన తీరం ఇది. నేను ఒకసారి తెప్ప పొడవు కొలుస్తుంటే వెనక నుంచి ఒక ముసలాయన, "ఏటి బాబూ, సర్వేకొచ్చినారా? మా పాకలు గానీ లేపేత్తారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వులో భయం ఉంది. అప్పట్నుంచి అడగకుండా టేపు జేబులోంచి తీయలేదు.

ఊరి సచివాలయంలో మత్స్య సహాయకులు ఉంటారు. ముందురోజే వెళ్లి కలవండి, లేదా ఫోన్‌లో ఇలా చెప్పండి: "నమస్కారమండీ. మేం ఫలానా ఊరి నుంచి ఇద్దరం వస్తున్నాం. తెప్పలు, ఫైబర్ బోట్లు ఎలా బాగుచేస్తారో చూసి నేర్చుకుందామని. సర్వే కాదు, సర్కారు పని కాదు. ఎవరింటికి వెళ్తే బాగుంటుందో చెప్తారా?" ఆ "సర్వే కాదు" అన్న మాట తప్పకుండా చెప్పండి.

వాళ్లు దొరక్కపోతే ఊళ్లో కులపెద్దలని అడగండి. అదీ కాకపోతే టీకొట్టు. పెద్దవాళ్లని "తాతా", "మావయ్యా" అనండి, మీ ఈడు వాళ్లని "అన్నా", ఆడవాళ్లని "అమ్మా", "అక్కా" అనండి. వాళ్ల యాస అనుకరించకండి, వెక్కిరించినట్టు ఉంటుంది.

గంగమ్మకి పూజ చేసిన పడవ మీద పసుపు కుంకుమలు కనిపిస్తాయి. దాని మీద చెప్పులతో ఎక్కడం, కూర్చోవడం వద్దు. మామూలు పడవకైనా అడిగే చేయి వేయండి.

4. తెప్ప దగ్గర ఏం చూడాలి

తెప్పలో మేకు ఉండదు. తేలిక కర్ర దుంగల్ని బాడిసతో చెక్కి, పక్కపక్కన పేర్చి మోకుతో బిగిస్తారు. నీళ్లు లోపలికి వచ్చినా ఫర్వాలేదు, సందుల్లోంచి పోతాయి. అందుకే అల మీద పడ్డా మునగదు.

ముడి దగ్గర కూర్చోండి. ఎవరైనా కడుతుంటే ఒక ముడి మొత్తం కళ్లారా చూడండి. తాడు తడిపి చుడతారు, కాలితో దుంగని తన్నిపెట్టి రెండు చేతులా లాగుతారు, అలా లాగిన తాడు మీద వేలితో మీటితే తీగలా మోగాలి. నేను లాగితే మోగలేదు. ఆ తాత ఏమీ అనకుండా విప్పేసి మళ్లీ తనే కట్టాడు.

అడగాల్సిన ప్రశ్నలు ఇవి: వేట నుంచి వచ్చాక దుంగలు విప్పి ఆరబెడతారా? ఎందుకు? (కర్ర నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఆరితేనే మళ్లీ తేలుతుంది.) కర్ర ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు దొరుకుతోందా? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబులోనే ఫైబర్ తెప్ప ఎందుకొచ్చిందో ఉంటుంది.

బల్లల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పాత నావ ఎక్కడైనా మూలన పడి ఉంటే దాని దగ్గర పావుగంట ఎక్కువ గడపండి. హార్బరు లేని మన తీరంలో అలల దెబ్బకి మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టు నావ వంగి లేస్తుంది. కుట్ల రంధ్రాలు, సందుల్లో కూరిన పీచు ఇంకా కనిపిస్తాయి. అలాంటిది కనిపించకపోతే నిరాశపడకండి, ఇప్పుడు అరుదు.

5. ఫైబర్ షెడ్డులోకి అడుగుపెట్టే ముందు

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. షెడ్డు బయటే ఘాటైన వాసన వస్తుంది. అది రెసిన్‌లోని స్టైరీన్. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు దాన్ని ఆపవు. గాలి మీ వెనక నుంచి వీచే వైపు నిలబడండి, పది నిమిషాలకోసారి బయటికి రండి. తల తిరిగినట్టుంటే వెంటనే బయటికి. గర్భిణులు, ఆయాసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు లోపలికి అసలు వద్దు.

అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గర్లో కూడా ఉండకూడదు. రెసిన్, పనిముట్లు కడిగే అసిటోన్ రెండూ మండేవే.

పని వరుస ఇలా ఉంటుంది. మౌల్డ్‌కి, అంటే పడవ అచ్చుకి, మైనం రుద్దుతారు, లేకపోతే పడవ ఊడి రాదు. దాని మీద రంగు జెల్‌కోట్, అంటే పడవకి బయట కనిపించే నున్నటి పొర. తర్వాత గాజు పీచు మ్యాట్ పరచి రెసిన్ పూసి రోలరుతో గాలి బుడగలు వెళ్లగొడతారు. దాని మీద నేసిన గాజు గుడ్డ, మళ్లీ మ్యాట్, ఇలా పొరలు. ఆరాక లోపల అడ్డబద్దలు, మునగకుండా ఫోమ్ నింపిన గదులు.

రెసిన్ గట్టిపడటానికి రెండు ద్రవాలు కలుపుతారు: కోబాల్ట్, ఇంకోటి "క్యాటలిస్ట్" అని వాళ్లు పిలిచేది. క్యాటలిస్ట్ సాధారణంగా రెసిన్‌లో నూటికి 1 నుంచి 2 పాళ్లు. ఈ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలిపితే పేలుతుంది. అందుకే ముందు ఒకటి రెసిన్‌లో బాగా కలిపాకే రెండోది. "నేనూ కలుపుతానన్నా" అని సరదాకి కూడా అనకండి. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూ, ఆ వెంటనే ఆసుపత్రికి.

మిగిలిన రెసిన్ గిన్నెలో ఉంటే దాన్నీ ముట్టుకోకండి. పలచగా పూసింది చల్లగానే ఆరుతుంది గానీ గిన్నెలో కుప్పగా ఉన్నది వేడెక్కి పొగలు కక్కుతుంది.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ఫొటో తీస్తూ ఆసరాకి బోటు అంచు మీద చేయి వేశాను. పైకి ఆరినట్టే ఉంది. చేయి తీస్తే ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి. మేస్త్రి ఆ ముక్క గీకి మళ్లీ పొర వేశాడు. నేను డబ్బులిస్తానంటే తీసుకోలేదు, మరుసటిసారి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని నిలబడమన్నాడు. మీరూ అలాగే నిలబడండి.

6. రూపాయి బిళ్ల పరీక్ష

యజమాని ఒప్పుకుంటే, పూర్తిగా ఆరిన బోటు మీద రూపాయి బిళ్లతో అడుగు అడుగుకీ మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. పొరలు బాగా అతికిన చోట "టక్ టక్" అని పదునుగా మోగుతుంది. గాలి చిక్కుకున్న చోట, పొర విడిపోయిన చోట "డబ్" అని బోలుగా వినిపిస్తుంది. అనుమానం ఉన్నచోట మూడు నాలుగు సార్లు కొట్టి పక్కచోటుతో పోల్చండి.

చాలామంది చేసే పొరపాటు: ఫోమ్ నింపిన గదుల మీద కొట్టి "బోలుగా ఉందండీ, పాడైపోయింది" అంటారు. అక్కడ ఎప్పుడూ అలాగే మోగుతుంది. ఫోమ్ ఎక్కడుందో ముందు అడిగి తెలుసుకోండి.

లోపలివైపు జెల్‌కోట్ లేని చోట ఎండకి అడ్డంగా పెట్టి చూస్తే తెల్లటి మచ్చలు కనిపించవచ్చు. అవి రెసిన్ అందని పీచు, లేదా బుడగలు. ఒకటి రెండు ఉంటే సరే. గుంపుగా ఉంటే ఆ బోటు కొనకండి. మందం తెలియాలంటే బోల్టులకి వేసిన రంధ్రాల అంచు చూడండి, బయట నుంచి తెలియదు.

ఇక అయస్కాంతం. బోల్టులు, గొలుసులు స్టెయిన్‌లెస్ అని చెప్తారు. సముద్రానికి పనికొచ్చే రకాలకి అయస్కాంతం దాదాపు అంటుకోదు. గట్టిగా అంటుకుంటే అది సముద్రానికి పనికొచ్చే రకం కాదు, ఉప్పునీళ్లకి తొందరగానే తుప్పు పడుతుంది. ఈ పరీక్ష కొనేటప్పుడు మాత్రమే చేయండి. చూడ్డానికి వెళ్లి చేస్తే అవమానించినట్టు.

7. వల దగ్గర

వల కొలత అంటే కన్ను కొలత. కన్నుని రెండు చేతులా పొడుగ్గా లాగి, ఈ ముడి నుంచి ఎదురు ముడి వరకు కొలవాలి. నలుచదరంగా పరచి ఒక పక్క మాత్రమే కొలిస్తే సగమే వస్తుంది. విద్యార్థుల రిపోర్టుల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే. టేపు లేకపోతే వేళ్లు చాలు: కవళ్ల వల కన్నులో ఒక్క వేలు బిగుతుగా దూరుతుంది, వంజరం వలలో నాలుగు వేళ్లు కలిపి పోతాయి.

పైతాడుకి బెండ్లు, కిందితాడుకి సీసపు గుళ్లు ఉంటాయి. వలని తాడుకి కట్టేటప్పుడు గమనించండి, సాగదీసిన వల పొడవుకి తాడు దాదాపు సగమే ఉంటుంది. అలా వదులుగా కడితేనే కన్నులు తెరుచుకుంటాయి. బాగుచేసేవాళ్లు సూదిని ఎంత వేగంగా తిప్పుతారంటే మీ కంటికి అందదు. "ఒక్క కన్ను మెల్లగా వేసి చూపిస్తావా మావయ్యా" అంటే ఎవరూ కాదనరు.

నేల మీద పరిచిన వలని దాటకండి, చుట్టూ తిరిగి వెళ్లండి.

8. ఇంజను కొట్టు

ఇక్కడ తొందరగా చూసేయొచ్చు. రెండు రకాలు కనిపిస్తాయి: వెనక తగిలించే 9.9 హార్స్‌పవర్ లాంటి ఔట్‌బోర్డ్ మోటార్లు, పొడవాటి షాఫ్టు చివర ఫ్యాను ఉండే డీజిల్ లాంగ్‌టెయిల్. రెండోదాన్ని లోతు లేని చోట, వల అడ్డొచ్చినప్పుడు పైకెత్తేయొచ్చు.

లాంగ్‌టెయిల్ ఫ్యానుకి చుట్టూ రక్షణ ఉండదు. ట్రయల్ వేస్తుంటే లుంగీ, చున్నీ, పైట బిగించుకుని దూరంగా ఉండండి. ఔట్‌బోర్డ్‌ని నీళ్ల డ్రమ్ములో ముంచే నడపాలి. ఎండు మీద నడిపితే చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు కాలిపోతుంది. నడుస్తున్నప్పుడు వెనక నుంచి సన్నటి నీటి ధార పడుతుందో లేదో చూడండి. పడకపోతే ఇంజను వేడెక్కుతున్నట్టే.

చెరువుకి పడవ కొనేవాళ్లకి

సముద్రపు బోటు అక్కర్లేదు. అడుగు చదునుగా ఉండే చిన్న ఫైబర్ పడవ చాలు. మౌల్డ్ ఎవరిదో, ఎన్ని పొరలు వేస్తారో, ఫోమ్ ఎక్కడ వేస్తారో రాయించుకోండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. తెచ్చుకునే రోజు నడుంలోతు నీళ్లలో దించి, నీళ్లతో నింపేయించండి. నిండా నీళ్లున్నా అంచులు పైకి తేలాలి. మునిగితే ఫోమ్ సరిపోలేదు. ఈ పరీక్షకి ఒప్పుకోని చోట కొనకండి. లైఫ్ జాకెట్ కూడా అక్కడే తీసుకుంటే బెల్టులు, విజిల్, మెరిసే పట్టీ ఉన్నాయా, లోపలి లేబుల్ మీద ఎంత బరువుకో రాసి ఉందా చూసుకోండి.

సముద్రపు బోటు అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పాత బోటు కొంటుంటే దాని మీద ఐఎన్‌డీ-ఏపీ అని మొదలయ్యే నంబరు, కాగితాల మీది నంబరు ఒకటేనా చూడండి.

చూసింది ఒంటబట్టిందా?

ఇంటికి వచ్చాక ఫొటోలు చూడకుండా తెల్లకాగితం మీద తెప్పని గీయండి. ముడులు ఎక్కడెక్కడున్నాయో గుర్తొస్తే బాగా చూసినట్టు. మౌల్డ్‌కి మైనం ఎందుకు, వల కంటే తాడు ఎందుకు పొట్టి, దుంగలు ఎందుకు ఆరబెడతారు, ఈ మూడూ మీ ఇంట్లో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే మీరు ఫొటోలే తీసుకొచ్చారు. ఇంకోసారి వెళ్లండి, ఈసారి కెమెరా బ్యాగులో ఉంచండి.

డబ్బు, ఫొటోలు

ఒడ్డున పని ఆపి మీకు చూపించినవాళ్లకి ఊరికే నోటు చేతిలో పెడితే కొందరు నొచ్చుకుంటారు. అందరికీ టీ చెప్పండి. సగం రోజు మీతోనే ఉంటే ఆ రోజు కూలి ఎంతో మిమ్మల్ని తీసుకెళ్లిన మనిషిని అడిగి, ఆయన చేతే ఇప్పించండి. సముద్రంలోకి ఒక రౌండు తిప్పమని అడగొద్దు. వాళ్లంతట వాళ్లే రమ్మంటే, జాకెట్ ఉంటేనే ఎక్కండి.

ఫొటోలు వాట్సాప్‌లో పంపుతామని అందరూ చెప్తారు, పంపరు. మీరు రెండు ప్రింట్లు తీయించి పోస్టులో వేయండి. భావనపాడులో ఒక పాకలో నేను పంపిన ఫొటో గంగమ్మ పటం పక్కన పెట్టుకున్నారు. రెండోసారి వెళ్తే నన్ను ఎవరూ సర్వేనా అని అడగలేదు.